చేవ ఉన్న పడవ

పాత నాటు పడవ కొనబోయేవాళ్లు ముందుగా చూసేది రంగు. నన్నడిగితే ఆఖర్న చూడాల్సింది అదే. నిన్నగాక మొన్న డాంబరు పూసి నిగనిగలాడే పడవ కంటే, పూత పెచ్చులూడి లోపలి చెక్క బయటపడ్డ పడవే కొనేవారికి మేలు. చేసినవాడి నేర్పంతా ఆ చెక్కలో, దాని అతుకుల్లో ఉంటుంది. పూత దాన్ని కంటపడనివ్వదు.

ఏటూరునాగారం దగ్గర రామన్నగూడెం రేవులో అమ్మకానికి బోర్లించి పెట్టిన అలాంటి పడవొకటి చూశాను. 20 అడుగుల పొడవుంటుంది. వల వేసుకోవడానికీ, సెలవు రోజున ఇంటిల్లిపాదీ ఎక్కి గోదారి మీద తిరిగి రావడానికీ సరిపోతుంది. ముళ్లకట్ట వంతెన రాకముందు ఇక్కడి నుంచి అవతలి ఒడ్డుకు, వాజేడు వైపు పోవాలంటే పడవే దిక్కు. ఇప్పుడు 163వ నంబరు జాతీయ రహదారి మీద లారీలు భోపాలపట్నం దాకా సాగిపోతున్నాయి. పడవలకు మిగిలింది బొచ్చెలు, రవ్వలు, వాలుగల వేట.

ఈ ఊరి చుట్టూ టేకు చెట్లే. అయితే 1950ల తొలినాళ్లలోనే అభయారణ్యమైన అడవి కాబట్టి చెట్టు మీద గొడ్డలి వేస్తే నేరం. అంత పొడవాటి చేవ పలకలు బయట కొనాలంటే మామూలు వేటగాడి వల్ల అయ్యే పని కాదు. అందుకే ఇక్కడ పాత పడవ కొంటున్నామంటే ముందు తరం ఎంచి కోయించిన కలపను కొంటున్నామన్నమాట. టేకు చేవలో సహజంగానే నూనె ఉంటుంది. నీళ్లలో నానినా బూజు, చెద తొందరగా అంటవు. చేవ చుట్టూ ఉండే పాలిపోయిన కర్రకు ఆ గుణం లేదు, ముందు అదే పుచ్చుతుంది. వడ్రంగి పొదుపుకు పోతే పలక అంచున ఆ తెల్ల చార అలాగే ఉండిపోతుంది. రామన్నగూడెం పడవను ఈ కొస నుంచి ఆ కొస దాకా వెతికాను. ఆ చార ఎక్కడా లేదు. ఎంత కలప వృథా అవుతున్నా తెల్లదంతా చెక్కి పారేశాడు ఆ పనివాడు.

ఇక అతుకులు. రెండు పలకల అంచులూ ఒకదానికొకటి పూర్తిగా ఆనేలా చిత్రిక పట్టడం గొప్పనుకుంటాం. నిజానికి పడవ పనిలో అంతకంటే సున్నితమైన కొలత ఉంది. లోపలి వైపు అంచులు బిగువుగా ఆనాలి, బయటి వైపు మాత్రం సన్నటి గాడి మిగలాలి. ఆ గాడిలోకి పేనిన దూదిని మొండి ఉలితో దట్టించి, పైన నూనెలో కరిగించిన గుగ్గిలం పోస్తారు. గాడి మరీ ఇరుకైతే దూది దిగదు, మరీ వెడల్పైతే నిలవదు. లోపలి అంచు ఆనకపోతే ఉలి దెబ్బకు దూది కాస్తా అవతలికి జారిపోతుంది. ఈ పడవలో ఒకచోట గుగ్గిలం రాలిపోయి గాడి కనబడింది. వేలి గోరు పెట్టి మూరెడు దూరం లాగితే ఎక్కడా తట్టుకోలేదు, ఎక్కడా వదులు కాలేదు. వంపు తిరిగిన పలక మీద, చేతి పనిముట్లతో, అంత నికరంగా గాడి తీయడం సామాన్యమైన పని కాదు.

ఎండాకాలమంతా ఒడ్డున ఎండిన పడవను నీళ్లలోకి తోస్తే కారుతుంది. దాన్ని చూసి బేరం వదులుకునేవాళ్లు చాలామంది. ఒకటి రెండు రోజులు నీళ్లలో ఉంచితే కర్ర ఊరి, పలకలు ఒకదాన్నొకటి నొక్కుకుని సందులు వాటంతటవే మూసుకుంటాయి. కర్ర ఊరుతుందని తెలిసే పనివాడు ఆ గాడిని అంత మాత్రం వదిలాడు. నానబెట్టాక కూడా కారుతుంటే ఎక్కడ కారుతోందో చూడాలి. అతుకులో అయితే మళ్లీ దూది పెట్టించుకుంటే తీరిపోతుంది. మేకుల దగ్గరైతే ఆలోచించాల్సిందే.

మేకులను పలకలోంచి అడ్డకర్రలోకి దింపి, లోపలికి పొడుచుకొచ్చిన మొనను వంచి తిరిగి కర్రలోకే కొడతారు. అలా కొట్టిన మేకు ఊడిరాదు. కానీ ఇనుము తుప్పు పడుతుంది, తుప్పు చుట్టూ కర్ర నల్లబడి మెత్తబడుతుంది. ఈ మచ్చ ఒకటి రెండు చోట్ల ఉంటే పరవాలేదు, వరసంతా ఉంటే వద్దు. చాకు మొనతో పొడిచి చూడాల్సిన చోటు ఇంకొకటుంది, అడ్డకర్ర అడుగు పలకను తాకే మూల. పడవను చెడగొట్టేది చాలాసార్లు బయటి గోదారి కాదు, లోపల నిలిచిన వాన నీళ్లు. శ్రద్ధగల పనివాడు ప్రతి అడ్డకర్ర కింద చిన్న సందు కోసి వదులుతాడు, నీళ్లు అన్నీ ఒకేచోటికి చేరితే తోడిపోయవచ్చని. ఇందులో ఆ సందులన్నీ ఉన్నాయి. బురద తీసేసి చూస్తే అంచులు కూడా నున్నగా గీకి ఉన్నాయి. ఎవరూ చూడని చోట!

అడుగు దాదాపు చదునుగా ఉంటుంది. వేసవిలో ఇక్కడ గోదారంతా ఇసుక తిన్నెలు, మోకాటి లోతు పాయలు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక దాన్ని కట్టించిన ఇంజనీరు కాటన్ ఎగువ గోదావరిని కూడా జలమార్గం చేయాలనుకున్నాడు. దుమ్ముగూడెం, ఇచ్ఛంపల్లి, దేవలమర్రి దగ్గరి రాతి అడ్డంకులను దాటించే ఆ పథకాన్ని 1871లో ఆపేశారు. ఏటూరునాగారం ఆ మొదటి రెండు అడ్డంకుల నడుమ తీరాన ఉంది. స్టీమర్లకు లొంగని ఈ నీళ్లలో జానెడు లోతు చాలే నాటు పడవ మాత్రం తిరుగుతూనే ఉంది.

ముక్కు దగ్గర పలకలు పైకి లేచి కలుసుకునే చోట వంపు చూడండి. కర్రను తడిపి, సెగ చూపి, కొద్దికొద్దిగా వంచితే గానీ ఆ రూపు రాదు. తొందరపడితే పీచు చిట్లుతుంది. 1922లో అమెరికాలోని మిన్నెసోటాలో, పెపిన్ సరస్సు మీద రాల్ఫ్ శామ్యూల్సన్ అనే కుర్రాడు పడవ లాగుతుంటే నీళ్ల మీద స్కీయింగ్ మొదలుపెట్టినప్పుడు అతనికీ ఇదే విద్య అక్కరకొచ్చింది. పీపా చెక్కలు, మంచు మీది స్కీలు పనికిరాక, చివరికి పలకల ముందు కొసలను వేడితో వంచుకున్నాకే నీళ్ల మీద నిలబడ్డాడు.

అలాగని ఈ పడవకు ఇంజన్ తగిలించి మనిషిని లాగుదామంటే కుదరదు. స్కీ మీద నిలబడాలంటే గంటకు సుమారు 40 కిలోమీటర్ల వేగం కావాలి. అంత వేగానికి పడవ నీళ్లను చీల్చడం మాని వాటి పైకి లేచి జారాలి, అలాంటి పడవ అడుగు తీరు, ఇంజన్ శక్తి వేరు. నీళ్లను చీల్చుకుంటూ పోయే 20 అడుగుల పడవ సుఖంగా పోగలిగింది మహా అయితే గంటకు సుమారు 11 కిలోమీటర్లు. వల వేసేవాడికి నెమ్మదే కావాలి. నిలబడి వల విసిరితే ఒరగకూడదు, నలుగురు ఒక పక్కకు జరిగినా అంచు నీళ్లను తాకకూడదు.

ఫైబర్ పడవలు తేలిక, వాటికి ఏటేటా దూది, గుగ్గిలం ఖర్చు లేదు. పాతది కొంటే మాత్రం వేలి కణుపుతో తట్టుకుంటూ పోవాలి. మొద్దు శబ్దం వచ్చిన చోట పొరలు విడిపోయినట్టే. దాన్ని బాగుచేయవచ్చు గానీ కొత్త పొర కిందేముందో పైకి తెలియదు. నాటు పడవలో మరమ్మతు కూడా కళ్లెదుటే ఉంటుంది. రామన్నగూడెం పడవలో ఎడమ పక్కన ఒక పలక సగం మార్చారు. పాత ముక్కనూ కొత్త ముక్కనూ నిలువుగా కోసి ఆనించకుండా, ఏటవాలుగా కోసి ఒకదాని మీదొకటి పొదిగారు. పైగా ఆ అతుకు పై వరసలోని అతుకుకు సూటిగా రాకుండా రెండు అడ్డకర్రల అవతలికి జరిపారు, బరువంతా ఒకే గీత మీద పడకూడదని. మొదట చేసిన చెయ్యి వేరు, ఈ చెయ్యి వేరు. ఉలి గాట్లు చూస్తేనే తెలుస్తుంది. అమ్మేవాళ్లు ఆ మరమ్మతును లోపంగా చెప్పి ధర తగ్గించబోతే, కొనేవారు దానికీ విలువ కట్టి తీసుకోవచ్చు.