లెవెలిన్ రాజవంశము – విలాపగీతము

వేల్సుదేశపు ప్రాచీనకవిత్వమున విమర్శకులు తఱచుగా పేర్కొను కృతులలో లెవెలిన్ ఆప్ గ్రిఫిద్ అను ప్రభువు మరణమునుగూర్చిన విలాపగీత మొకటి. దీనిని రచించినవాడు గ్రిఫిద్ ఆబ్ ఎర్ ఎనద్ కోఖ్ అను కవి. గాలివానలు చెలరేగుటయు, సిందూరవృక్షము లొండొంటిని తాకుటయు, సముద్రము నేలపై బడుటయు, నక్షత్రములు రాలుటయు ఇందు వర్ణితములు. ఒక్కరాజు మరణమునకు ఇంతటి ప్రళయవర్ణనము అతిశయోక్తి యనియు, కరుణరసమునకు పోషకము కాదనియు ఆక్షేపింప వచ్చును. ఆ యాక్షేపము నిలుచునో లేదో నిర్ణయించుటకు ముందు ఆ వంశమునకు పట్టినగతిని తెలిసికొనవలెను.

లెవెలిన్ గ్వినెద్ సీమ కధిపతి. 1267 లో మాంట్‌గొమరీ సంధివలన ఇంగ్లాండురాజగు మూడవహెన్రీ ఇతనిని వేల్సుప్రభువుగా నంగీకరించెను. ఇతడు 1278 లో సైమన్ డి మాంట్‌ఫర్ట్ కుమార్తెయగు ఎలియనారును పరిణయమాడెను. 1282 జూనులో ఆమె గ్వెన్లియన్ అను ఆడుశిశువును గని ప్రసవమందే మరణించెను. ఆయేడే డిసెంబరు 11 న లెవెలిన్ బిల్త్ సమీపమున మొదటి యెడ్వర్డు పక్షపుసేనలచే జంపబడెను. అతని తల లండనునకు గొనిపోబడి అచటి కోటపై నిలుపబడెను. తమ్ముడు దవిద్ 1283 లో ష్రూస్‌బరీయందు వధింపబడెను. దవిద్ కుమారు లిరువురును బ్రిస్టలుకోటలో బంధితులైరి; వారిలో ఓవెనును రాత్రులందు ఇనుపపట్టీల కొయ్యబోనులో నుంచవలసినదని 1305 లో ఆజ్ఞయైనది. గ్వెన్లియన్ శైశవమందే లింకన్ సీమలోని సెంప్రింగ్‌హామ్ మఠమునకు పంపబడి, 1337 లో అచటనే సన్యాసినిగా గతించెను. “వేల్సుప్రభువు” అను బిరుదమును ఎడ్వర్డు 1301 లో తన కుమారున కిచ్చెను. లెవెలిన్ యొక్క మఱియొక తమ్ముని మనుమడగు ఓవెన్ లౌగోఖ్ ఫ్రెంచివారి కొలువున నుండి వంశస్వత్వమును కోరుచుండగా, 1378 లో ఆంగ్లేయుల చారుడు వానిని జంపెను.

ఈ వృత్తాంతములలో పెక్కింటిని కవి యెఱుగడు. ఐనను ఒకరాజు పోయిన మఱియొకరాజు వచ్చు సామాన్యమరణము ఇది కాదని యాతడు గ్రహించెను. గీతము ఆద్యంతము ఒకే అంత్యప్రాసతో నడచును. ఆ ప్రాస లెవెలిన్ పూర్వుల రాజపీఠమగు అబెర్‌ఫ్రౌ పేరి చివరనున్న ధ్వనియే. కావున ప్రాసస్థానమందెల్ల ఆ కోల్పోయిన నగరిపేరు మాఱుమ్రోగుచుండును. మఱియు “పెన్” అను వేల్సుపదమునకు శిరస్సనియు నాయకుడనియు రెండర్థములు కలవు. కవి దానిని వరుసగా పాదముల మొదట నుంచెను. ఇది శ్లేషచమత్కారమునకై చేసినది కాదు. తెగినది రాజుతల, పోయినది దేశమునకు తలయైనవాడు. రెండర్థములును ఒక్క వస్తువునందే నిలిచినవి.

గీతమున లోపము లేకపోలేదు. పునరుక్తి మెండు, రాజుగుణములను పొగడుపట్టున కవి పూర్వుల స్తుతిమార్గమునే అనుసరించెను. కాని ప్రళయవర్ణనమునకు వచ్చునప్పటికి ఆ మార్గమును విడిచి, వినువారిని ప్రశ్నలతో నిలదీసెను. చూడరా యని యడుగువాని కంఠమున అలంకారాపేక్ష వినబడదు, భయమే వినబడును.

2009 లో వేల్సునందలి యొక కొండశిఖరమునకు గ్వెన్లియన్ పేరిడిరి. ఆమె తండ్రినిగూర్చిన గీతము హెర్‌గెస్ట్ ఎఱ్ఱపుస్తకమను వ్రాతప్రతిలో నిలిచియున్నది. దానిని అతిశయోక్తికి కాక, కరుణరసమునకు ఉదాహరణముగా బోధించుట యుక్తము.