పీటర్ లోరీది ఏ ఊరి యాస?

పోయిన ఉగాదికి మన కుర్రోళ్ళు తీసిన పొట్టి సినిమా చూసినాను. హోసూరు పక్కన, మన తెలుగు ఇండ్లలోనే తీసినారు. కెమెరా బాగుంది, కథ కూడా బాగుంది. అయితే హీరో టీవీ తెలుగు మాట్లాడతాడు, హీరోయినూ అంతే. ‘యాడికి పోతా ఉండావప్పా’ అనే మన మాటను మాత్రం వాచ్‌మన్ నోట్లో పెట్టినారు, అదీ నవ్వించేదానికి. అందరూ నవ్వినారు. నేనూ నవ్వినాను. ఇంటికొచ్చినాక మనసు బాగలేదు. ఆ రాత్రి ఒక పాత హాలీవుడ్ నటుడి సినిమాలు వరసగా పెట్టుకొని చూస్తా కూర్చున్నాను. యాస సంగతి వచ్చినప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తాడు.

పేరు పీటర్ లోరీ. అసలు పేరు లాస్లో లోవెన్‌స్టైన్. 1904లో అప్పటి హంగేరీలో, ఇప్పుడు స్లొవేకియాలో ఉండే ఊళ్ళో పుట్టినాడు. నాటకాల్లోకి పోకముందు వియన్నాలో కొన్నాళ్ళు బ్యాంకు గుమాస్తా. (ముప్పై ఏళ్ళు లెడ్జర్లు చూసినవాణ్ణి, ఆ సంగతి తెలిసిన రోజు కొంచెం గర్వపడినాను.) 1931లో ఫ్రిట్జ్ లాంగ్ జర్మనీలో తీసిన ‘ఎం’ సినిమాతో పేరొచ్చింది. రెండేళ్ళకు హిట్లర్ వచ్చినాడు. యూదుడైన లోరీ పారిస్‌కు, అక్కడినుంచి లండన్‌కు చేరినాడు. 1934లో హిచ్‌కాక్ ‘ది మ్యాన్ హూ న్యూ టూ మచ్’లో విలన్ వేషం ఇచ్చేటప్పటికి ఆయనకు ఇంగ్లీషు సరిగా రాదు. డైలాగులను శబ్దాలుగా బట్టీపట్టి చెప్పినాడంటారు. తర్వాత అమెరికా, చివరిదాకా అక్కడే.

అమెరికా ఆయనకు ఏమేమి వేషాలిచ్చిందో చూడండి. 1937 నుంచి 1939 లోపల ఎనిమిది సినిమాల్లో మిస్టర్ మోటో అనే జపాన్ గూఢచారి. 1941లో ‘ది మాల్టీస్ ఫాల్కన్’లో కైరో అనే పేరున్న సెంటు వాసనల మనిషి. మరుసటేడు ‘కాసాబ్లాంకా’లో ఉగార్టే. జపానోడికీ అదే గొంతు, కైరోకూ అదే గొంతు. అది ఏ దేశం యాస అని అడిగినవాడు లేడు. ‘మనది కాదు’ అనిపిస్తే వాళ్ళకు చాలు.

విమర్శకులు చాలామంది ఆయన గొప్పతనం ఆ విదేశీ గొంతులోనే ఉందంటారు. నేను ఒప్పుకోను. ‘ఎం’ మళ్ళీ చూడండి. అందులో ఆయన మాట్లాడేది జర్మన్, చిన్నప్పట్నుంచీ నోట్లో ఆడిన భాష. హంతకుడు మొదట మొహం చూపించడు. పోస్టరు మీద నీడ పడుతుంది, చిన్నపిల్లతో మెత్తగా మాట్లాడే గొంతు వినిపిస్తుంది, అంతే. చివర్లో నగరంలోని దొంగలంతా కూడి ఆయన్ను విచారిస్తారు. అక్కడ ఆ మెత్తని గొంతు పగిలి అరుపవుతుంది. మళ్ళీ ఊపిరి అందక గుసగుసకు దిగుతుంది. జర్మన్ ముక్క రాని నాకు వెన్ను చల్లబడింది. ఆ మెత్తదనం, ఆ సాగదీత, మాట నడుమ ఆగడం, అన్నీ అక్కడే ఉన్నాయి. అది యాస కాదు, పనితనం. హాలీవుడ్ పనితనాన్ని వినలేదు, పరాయితనాన్ని మాత్రం విన్నది.

‘కాసాబ్లాంకా’లో ఆయన కనిపించేది కొద్ది నిమిషాలే. హంఫ్రీ బోగార్ట్ ఒంటరిగా చదరంగం ముందు కూర్చొని ఉంటే పక్కన చేరతాడు. నన్ను నువ్వు చీదరించుకుంటావు కదా అని నవ్వుతానే అడుగుతాడు. దొంగ అనుమతి పత్రాలు అమ్మేవాడు ఆ మాట అంత మర్యాదగా అడుగుతుంటే, ఇట్లాంటి చూపులు వీడు చాలా ఊళ్ళలో చూసొచ్చినాడని తెలిసిపోతుంది. ఆ సినిమాలో సగం మంది నటులు నిజంగా యూరప్ విడిచి వచ్చినవాళ్ళే. హిట్లర్‌కు ఎదురు తిరిగి జర్మనీ వదిలిన కాన్రాడ్ ఫైట్‌కు నాజీ మేజర్ వేషమిచ్చినారు. యాస సరిపోయింది కదా!

1946కల్లా లోరీ గొంతు బగ్స్ బన్నీ కార్టూన్లలో వెక్కిరింతగా మారింది.

మన దగ్గర దీనికి తిరగేసిన లెక్క ఒకటుంది. 1985లో ‘ప్రతిఘటన’లో కోట శ్రీనివాసరావు తెలంగాణ యాసలో విలన్‌గా అదరగొట్టినాడు. ఆయనదీ బ్యాంకు ఉద్యోగమే, సొంతూరు కృష్ణా జిల్లా కంకిపాడు. నటనకు వంక పెట్టను. కానీ యాస తొడుక్కున్నవాడు ఇంటికి పోయి విప్పేయగలడు. లోరీకి ఆ వీలు లేదు. నాకూ లేకపోయింది. కోస్తాలో ఒక బ్రాంచికి వేసినప్పుడు ‘మీది అరవ తెలుగాండీ’ అని కౌంటరు దగ్గరే నవ్వినారు. ఆరు నెలల్లో మాట మార్చుకున్నాను. సెలవుకు ఇంటికొస్తే మాయమ్మ ‘ఏమిరా, రేడియో మాదిరి మాట్లాడతా ఉండావు’ అనింది.

లోరీ కూడా చివరి రోజుల్లో కొన్ని సినిమాల్లో తన గొంతును తానే అనుకరించినాడు, దాచేదేం లేదు. టీవీ మాత్రం ఆయనకు మంచి పని ఇచ్చింది. 1954లో ‘క్యాసినో రొయాల్’ను టీవీలో లైవ్‌గా వేస్తే, తెర మీద జేమ్స్ బాండ్‌కు మొట్టమొదటి విలన్ ఆయనే. 1960లో హిచ్‌కాక్ సీరియల్లో, లైటరు పదిసార్లు వరసగా వెలిగితే కారు, వెలగకపోతే చిటికెన వేలు అని పందెం కాసే పెద్దమనిషిగా చూడండి. గొంతు పెంచడు. కత్తి మంచిది తెప్పిస్తాడు, అంతే.

నడుమ 1951లో జర్మనీకి తిరిగిపోయి ‘డెర్ ఫెర్లోరెనె’ తీసినాడు. ఆయన డైరెక్టు చేసింది అదొక్కటే. నాజీల కాలంలో హత్య చేసిన డాక్టరు వేషమూ తనదే. తన భాషలో, తన ఇష్టప్రకారం చేసిన పని. నా లెక్కలో ‘ఎం’ తర్వాత అదే. జనం రాలేదు. మళ్ళీ అమెరికాకు వచ్చి ఆ పాత వేషాలే వేస్తా, 1964లో పోయినాడు.

మన కుర్రోళ్ళు రెండో సినిమా మొదలుపెట్టినారు. డైలాగులు చూడమని నాకు పంపించినారు. ఈసారి మన మాట హీరో నాయనకు ఇవ్వండి, వాచ్‌మన్‌కు టీవీ తెలుగు పెట్టండి అని రాసినాను. ఇంకా జవాబు రాలేదు.