చిట్టిబాబు వీణలో గురువుగారి చేయి

మా సాఖర్‌పేటలో మగ్గాలు నడుస్తుంటే వీణ వినడం కుదరదు. మొన్న సెలవునాడు రెండు పాత క్యాసెట్లు వరసగా పెట్టాను. ముందు చిట్టిబాబు, తర్వాత ఆయన గురువు ఈమని శంకరశాస్త్రి.

చిట్టిబాబు (1936–1996) అనగానే మనవాళ్ళకు 'కొమ్మలో కోయిల' గుర్తొస్తుంది. వీణ చేత కోయిల కూత కూయించాడని మెచ్చుకుంటారు. అది పూర్తిగా ఆయన సొంత చమత్కారమని నేనూ అనుకునేవాణ్ణి. కాని ఈమని (1922–1987) మద్రాసులో జెమినీ స్టూడియోలో పనిచేసినవారు. 'ఆదర్శ శిఖరారోహణం' అనే రచన చేసినవారు. వాద్యం చేత కథ చెప్పించే బుద్ధి ఆ ఇంటిదే.

అయితే అసలు పోలిక కోయిలలో లేదు, ఆలాపనలో ఉంది. వీణ తీగ మీటగానే నాదం తరిగిపోతుంది. అది ఆరిపోయేలోగా ఎడమచేత్తో మెట్టుమీద తీగను పక్కకు లాగి, ఒక్క మీటులోనే రెండు మూడు స్వరాలు పలికించాలి. గాయకుడు ఒక్క ఊపిరిలో పాడినట్టుండాలి. ఈమని చేసేది అదే. చిట్టిబాబు నెమ్మదిగా వాయించినచోటల్లా ఆ లాగుడే వినబడింది నాకు.

"అయితే నకలేనన్నమాట!" అన్నాడు పక్కన కూర్చున్న మిత్రుడు. నేనొప్పుకోలేదు. ఈమని స్వరం పలికించి కాస్త ఆగుతారు, ఆ నిశ్శబ్దాన్ని మనకు వదిలేస్తారు. చిట్టిబాబు ఆగడు, మీటు మీద మీటు, మెరుపు మీద మెరుపు. జనం చప్పట్లు దానికే. నాకు మాత్రం ఆయన జనాన్ని మరిచిపోయిన ఘడియలే ఇష్టం.

మిత్రుడు క్యాసెట్టు తిప్పి మళ్ళీ పెట్టమన్నాడు. ఈసారి ఎవరిదో చెప్పకుండా పెట్టాను. రెండు నిమిషాలు విని, "ఈమని" అన్నాడు. అది చిట్టిబాబుది.