చప్పుడు చేయని హబ్బు

వైజాగ్ గాజువాక సైకిలు షాపుల్లో ‘ఎమ్‌టీబీ’ (మౌంటెన్ బైక్, అంటే కొండబండి) అని స్టిక్కరు అంటించుకున్న బళ్ళలో చాలావాటికి గేర్లుండవు. లావు టైర్లు, ముందు ఫోర్కులో పేరుకు రెండు స్ప్రింగులు, వెనక ఒకే ఒక్క పళ్ళ చక్రం. కొండ అనేది ఆ స్టిక్కరులో తప్ప ఇంకెక్కడా కనిపించదు. సరిగ్గా ఇలాంటి ఒంటి గేరు బండినే అమెరికాలోనూ ఇంగ్లండులోనూ ఉన్న గేర్లు పీకించి మరీ చేయించుకునేవాళ్ళున్నారు. వాళ్ళకది వ్రతం, మనకది బడ్జెట్టు.

తెల్లారగట్ల బీచ్‌రోడ్డు పట్టుకుని భీమిలి దాకా వెళ్ళొచ్చే జనంలో ఈ రెండింటికీ మధ్యరకం వాళ్ళు ఒకరో ఇద్దరో ఉంటారు. గేర్ల గొడవ వద్దు, కైలాసగిరి మాత్రం ఎక్కాలి. అలాంటివాళ్ళు అడిగే ప్రశ్న ఒకటుంది: వెనక హబ్బు, అంటే చక్రం నడుమ ఇరుసు చుట్టూ తిరిగే భాగం, నోరు మూసుకుని ఉండాలంటే ఏది కొనాలి? వినడానికి షోకులా ఉంటుంది గానీ, ప్రశ్నలో పస ఉంది. గేర్ల బండిలో చైను ఫ్రేముకు కొట్టుకుంటుంది, గేర్లు మార్చే డిరైలర్ గలగలమంటుంది, ఆ రొదలో హబ్బు రొద కలిసిపోతుంది. ఒంటి గేరు బండిలో చైను బిగువుగా ఉంటుంది, ఊగే భాగమేదీ లేదు. తొక్కడం ఆపగానే వినిపించేది హబ్బొక్కటే.

ఆ చప్పుడు ఎక్కణ్ణుంచి వస్తుందో తెలియాలంటే రోడ్డు పక్క మెకానిక్ హబ్బుకు బిగించే ఫ్రీవీలు విప్పేటప్పుడు పక్కన నిలబడాలి. మూత మీదున్న గుంటలో పంచ్ ఆనించి సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తాడు. మామూలు మరలన్నీ ఎడమకు తిప్పితే ఊడతాయి, ఇది కుడికి తిప్పితే ఊడుతుంది. అది తెలియని కొత్త కుర్రాడు కొట్టినకొద్దీ బిగుసుకుపోతుంది. మూత లేవగానే మూడేసి మిల్లీమీటర్ల ఉక్కు గుళ్ళు నల్లటి గ్రీజులోంచి రాలతాయి. కింద గుడ్డ పరవకపోతే కాలవలో వెతుక్కోవాల్సిందే. లోపల రెండు చిన్న కొక్కేలు, వాటిని బయటికి నెట్టే సన్నటి తీగ స్ప్రింగు, చుట్టూ ఏటవాలు పళ్ళున్న రింగు. తొక్కితే కొక్కెం పంటికి తట్టుకుని చక్రాన్ని లాక్కెళ్తుంది. ఆపితే పళ్ళ వాలు మీద జారుతూ ఒక్కో పల్లంలో టక్కుమని పడుతుంది. అదే చప్పుడు.

లెక్క వేస్తే సరదాగా ఉంటుంది. గంటకు 20 కిలోమీటర్ల వేగంలో 26 అంగుళాల చక్రం సెకనుకు రెండున్నర చుట్లకు పైనే తిరుగుతుంది. లోపల 36 పళ్ళుంటే సెకనుకు దాదాపు వంద టక్కులు. 72 పళ్ళుంటే దాదాపు 190. ఆ వేగాల్లో విడి టక్కులు వినపడవు, ఝుమ్మనే ఒకే రొద అవుతుంది. అమెరికాలో పోర్ట్‌లాండ్‌లో తయారయ్యే క్రిస్ కింగ్ హబ్బు 72 పళ్ళది. ఆ రొదను దూరం నుంచే గుర్తుపట్టి కంపెనీ పేరు చెప్పేవాళ్ళున్నారు. ఇంగ్లండు హోప్ కంపెనీ హబ్బుల గోలకూ అభిమానులున్నారు. ఖరీదు పెరిగేకొద్దీ చాలా హబ్బులకు చప్పుడు పెరగడం, ఆ చప్పుడే హోదా కావడం సైకిళ్ళ లోకంలో విచిత్రం.

పళ్ళ సంఖ్య పెంచడం వెనక చప్పుడు చేయాలనే ఉద్దేశం మాత్రం లేదు. 18 పళ్ళ రింగులో కొక్కెం తగులుకునేలోపు 20 డిగ్రీల దాకా ఖాళీగా తిరగొచ్చు. 36 అయితే 10, 72 అయితే 5. ఇండస్ట్రీ నైన్ వాళ్ళ హైడ్రా హబ్బు 690 చోట్ల పట్టుకుంటుంది, ఖాళీ అర డిగ్రీ చిల్లర. చదును రోడ్డు మీద ఈ తేడా ఎవరికీ పట్టదు. రాళ్ళ దారిలో ఒంటి గేరుతో ఎక్కేవాడికి పడుతుంది. గేరు తగ్గించే వీల్లేదు కాబట్టి అతను నిలబడి, పెడల్‌ను కొంచెం వెనక్కి, కొంచెం ముందుకు తోస్తూ రాయిని దాటాలి. అప్పుడు ఆ కొంచెం తోపులో సగం ఖాళీగా పోతే బండి అక్కడే ఆగుతుంది, మనిషి పక్కకు పడతాడు.

అందుకని నిశ్శబ్దం ఒక్కటీ చూసుకుని హబ్బు కొనకూడదు. పట్టు కూడా చూడాలి.

అసలు కొండబండి పుట్టిందే నిశ్శబ్దపు హబ్బు మీద. 1976 అక్టోబరులో కాలిఫోర్నియాలోని ఫెయిర్‌ఫాక్స్ దగ్గర కొందరు కుర్రాళ్ళు ముప్ఫై, నలభై ఏళ్ళనాటి బెలూన్ టైరు సైకిళ్ళతో ఒక మట్టి కొండ మీంచి కిందికి పందెం వేసుకున్నారు. సుమారు రెండు మైళ్ళలో 1,300 అడుగుల దిగుడు. చాలా బళ్ళకు ఒంటి గేరే, వెనక కోస్టర్ బ్రేకు. అంటే పెడల్‌ను వెనక్కి తొక్కితే హబ్బులోనే బ్రేకు పడుతుంది. జర్మనీలో ఎర్న్‌స్ట్ సాక్స్ 1903లో తెచ్చిన టార్పెడో హబ్బు ఆ జాతిదే. అందులో టక్కుటక్కుమనే కొక్కేలుండవు. కానీ కొండ దిగేసరికి బ్రేకు వేడికి గ్రీజంతా పొగై పోయేది, పందేనికొకసారి హబ్బు విప్పి కొత్త గ్రీజు నింపాల్సి వచ్చేది. సింహాచలం ఘాట్ రోడ్డు దిగేవాడికి ఈ కథ చాలు. ఉక్కునగరంలో చదునైన రోడ్ల మీద తిరిగేందుకైతే కోస్టర్ హబ్బుకు వంక పెట్టనక్కర్లేదు.

పట్టూ, నిశ్శబ్దమూ రెండూ కావాలంటే స్ప్రాగ్ క్లచ్. మినెసోటాలో ఒనిక్స్ అనే కంపెనీ దీనితోనే పేరు తెచ్చుకుంది. రెండు గుండ్రటి రింగుల మధ్య వంకరగా మలిచిన చిన్న ఉక్కు ముక్కలు వరసగా ఉంటాయి. ఒకవైపు తిరిగితే అవి వాలిపోయి జారనిస్తాయి, రెండోవైపు తిరిగితే నిటారుగా లేచి రెండు రింగుల మధ్యా ఇరుక్కుంటాయి. పళ్ళు లేవు, టక్కులు లేవు, ఖాళీ దాదాపు లేదు. ఇదేదో విదేశీ మాయ అనుకోనక్కర్లేదు. సెల్ఫ్ స్టార్టు మోటారుసైకిళ్ళు బాగుచేసే మెకానిక్‌ను వన్‌వే క్లచ్ అంటే ఏమిటని అడిగితే ఇదే చెబుతాడు. రేవులోనూ, ఉక్కు ఫ్యాక్టరీల్లోనూ ఖనిజాన్నీ బొగ్గునూ ఎత్తుకెళ్ళే ఏటవాలు కన్వేయర్లు కరెంటు పోతే బరువుకు వెనక్కి జారకుండా హోల్డ్‌బ్యాక్ బిగిస్తారు. అందులో ఉండేదీ తరచుగా ఇదే రకం క్లచ్. వెనక్కి తిరగనివ్వకపోవడం అక్కడ పని, ముందుకు జారనివ్వడం ఇక్కడ పని. ఒనిక్స్ హబ్బు బరువు కాస్త ఎక్కువ, ధర చాలా ఎక్కువ. చెడితే జగదాంబ సెంటర్లో విడిభాగం దొరకదు.

షిమనో కూడా ఈ దారిలో ఒకడుగు వేసి వెనక్కి తీసుకుంది. 2018లో ఎక్స్‌టీఆర్ వరసతో పాటు సైలెన్స్ పేరిట ఒక హబ్బు ప్రకటించింది. తొక్కడం ఆపగానే రెండు పళ్ళ పలకలూ పూర్తిగా విడిపోయే ఏర్పాటు. అది అంగట్లోకి రాకుండానే ఆగిపోయింది, చివరికి మళ్ళీ కొక్కేల హబ్బే అమ్మారు. ఆ కంపెనీ 1921లో సకాయిలో పుట్టి మొదట చేసిన సరుకే ఫ్రీవీలు. బస్తరులోని బైలదిలా ఇనుప ఖనిజం వైజాగ్ రేవు మీదుగా ఏళ్ళ తరబడి జపాను ఉక్కు కొలుములకు వెళ్ళింది కాబట్టి, పాత జపాను ఫ్రీవీళ్ళలో బస్తరు కొండ రజను ఎంతో కొంత ఉండే ఉంటుంది. నిరూపించమంటే మాత్రం కష్టం.

ఇక ఈ ఊరి సంగతి. సముద్రపు గాలిలో ఉప్పు, రేవు చుట్టుపక్కల బొగ్గు ధూళి. ఉప్పు సన్నటి స్ప్రింగును తింటుంది. ధూళి గ్రీజులో కలిసి సానరాయి పని చేస్తుంది. చప్పుడు తగ్గించడానికి ఫ్రీవీలు నిండా చిక్కటి గ్రీజు కూరడం చాలామంది చేసే చిట్కా. చలిదేశాల్లో గడ్డకట్టి కొక్కేలు లేవవు కాబట్టి అక్కడ భయపడతారు. వైజాగ్‌లో ఆ చలి లేదు. అయినా బేరింగుకు వేసే బండ గ్రీజు కొక్కేల దగ్గర పనికిరాదు. స్ప్రింగు బలహీనమైనదైతే కొక్కెం సగం లేచి, బరువంతా పెడల్ మీద వేసిన క్షణంలో జారుతుంది, మోకాలు హ్యాండిలుకు తగులుతుంది. 80 కిలోల మనిషి 175 మిల్లీమీటర్ల క్రాంకు మీద నిలబడితే పడే మెలితిప్పు దాదాపు 137 న్యూటన్ మీటర్లు. చైను మీదుగా హబ్బుకు చేరే ఆ బలాన్ని ఆపేది ఆ చిన్న కొక్కేల కొసలే. పలచటి గ్రీజు, అదీ కొంచెంగా వేస్తే చప్పుడు తగ్గుతుంది, పట్టు పోదు.

ఈ కాలమ్ రాసే మనిషి ఓటు మాత్రం ఖరీదైన వాటికి కాదు, షిమనో డియోర్ తరగతి మామూలు హబ్బుకు. అది గేర్ల బండి కోసం చేసింది. హబ్బుకే అమర్చి వచ్చే ఫ్రీహబ్ మీద ఒకే పళ్ళ చక్రం, అటూ ఇటూ స్పేసర్లు వేస్తే ఒంటి గేరు అవుతుంది. స్పేసర్లను అటూ ఇటూ మార్చి చైను తిన్నగా కూర్చునే చోటు చూసుకోవచ్చు, మరతో బిగించే ఫ్రీవీలులో ఆ వెసులుబాటు లేదు. కొక్కేలున్నా దాని చప్పుడు బహుతక్కువ. అంతకంటే ముఖ్యం, ఇరుసు దగ్గర ఉండేది కప్పు, కోను, విడి గుళ్ళు. హీరో సైకిలు ఓవరాలింగ్ చేసే ప్రతి మెకానిక్‌కూ ఆ పని చేతి మీద ఉంటుంది. కోన్లకు పట్టే స్పానర్లు సన్నటివి ఉండాలి, అంతే తేడా. ఫ్రీహబ్ అరిగితే లోపల కెలకరు, చాలా మోడళ్ళలో 10 మిల్లీమీటర్ల ఆలెన్ కీతో మొత్తం విప్పి కొత్తది బిగిస్తారు.

నవంబరు తుపాన్లు వెళ్ళాక ఒకసారి కోన్లు విప్పి చూడాలి. గుళ్ళ మీద గోధుమరంగు మచ్చలు కనిపిస్తే తుడిచి మళ్ళీ వేయకుండా గుళ్ళన్నీ మార్చేయాలి. మిగతా బండితో పోలిస్తే వాటి ఖర్చు ఎంతో ఉండదు. హ్యాండిలుకు గంట లేకపోతే అదే రోజు బిగించుకోవడం మేలు, పొద్దున బీచ్‌రోడ్డు మీద వాకింగ్ చేసేవాళ్ళు వెనక నుంచి వచ్చే ఈ బండిని ఎలాగూ వినలేరు.