ఫ్రీజర్‌లో దొరికిన ఫోను

'స్టిల్ ఆలిస్' సినిమా (2014) గురించి మాట్లాడేవాళ్ళంతా జూలియన్ మూర్ నటన దగ్గరే ఆగిపోతారు. ఆమెకి ఆస్కార్ రావడం సబబే. నాకు మాత్రం ఆలిస్ చేతిలో ఉన్న ఫోను గురించి మాట్లాడాలని ఉంది.

ఆలిస్ భాషాశాస్త్ర ప్రొఫెసర్. యాభై ఏళ్ళకే అల్జీమర్స్ వచ్చింది. పెద్దకూతురి పేరేమిటి, మేమున్న వీధి ఏది లాంటి ప్రశ్నల్ని ఫోనులో పెట్టుకుని రోజూ తనకి తానే జవాబు చెప్పుకుంటుంది. చెప్పలేని రోజున లాప్‌టాప్‌లో 'బటర్‌ఫ్లై' అన్న ఫోల్డర్ తెరవాలి. మాత్రలు మింగి చనిపొమ్మని తనకి తానే చెప్పుకున్న వీడియో అందులో ఉంది. తన బతుకు మీద ఆఖరి అధికారాన్ని ఆమె ఆ ఫోనులో దాచుకుంది.

భర్త జాన్‌కి అది పోయిన వస్తువు. ఫ్రీజర్‌లో దొరికినపుడు, రాత్రే దానికోసం వెతికానంటుంది ఆలిస్. అది నెల కిందటి సంగతని అతను కూతురితో మెల్లగా అంటాడు. జబ్బు ఎంత ముదిరిందో అతనికి లెక్క తెలిసింది. ఆ ఫోనుతో ఆమెకేం పని అని అడగాలని తోచలేదు. జాన్ చెడ్డవాడేం కాదు, ప్రేమించేవాడే. అందుకే ఆ దృశ్యం గుచ్చుకుంటుంది.

నీకెలా ఉంటోందని తల్లినే అడిగింది చిన్నకూతురు లిడియా. చివరికి జాన్ ఉద్యోగం కోసం మిన్నెసోటా వెళ్ళిపోతే తల్లి దగ్గరికి వచ్చేదీ ఆమే. అడిగినందుకు చాకిరీ కూడా ఆమెకే!

దర్శకుల్లో ఒకరైన రిచర్డ్ గ్లాట్జర్‌కి అప్పటికే ఎ.ఎల్.ఎస్. వల్ల మాట పోయింది. ఐప్యాడ్ మీద ఒక్క వేలితో టైపు చేస్తూ ఈ సినిమా తీశాడు. సహదర్శకుడు వాష్ వెస్ట్‌మోర్‌లాండ్ అతని జీవిత సహచరుడు కూడా. 2015 మార్చిలో గ్లాట్జర్ చనిపోయాడు. అక్షరం అక్షరం కూడేదాకా ఆగడం ఆ సెట్టులో అందరికీ అలవాటయ్యే ఉంటుంది. ఆ ఓపికలో కాస్త జాన్‌కి ఎందుకివ్వలేదో!

నా అసలు పేచీ వీడియో దృశ్యంతో. తెర మీద ఆజ్ఞాపిస్తున్న ఆలిస్ ఇష్టమూ, అది వింటూ మెట్లెక్కి దిగుతున్న ఆలిస్ ఇష్టమూ ఒకటేనా? పక్కనున్నవాళ్ళు ఏ ఆలిస్ మాట వినాలి? సినిమా ఇక్కడ ఉత్కంఠ పెంచి ఊరుకుంది. సహాయకురాలు లోపలికి రాగానే మాత్రలు నేల మీద చెల్లాచెదురవుతాయి, వాటితోపాటే ప్రశ్న కూడా. పగలంతా ఆలిస్‌ని కనిపెట్టుకుని ఉండేది ఆ సహాయకురాలే. ఏ పరికరం చూస్తే ఆలిస్ బెదురుతుందో, దేన్ని చేతిలోంచి వదలదో ఆమెకి తెలిసే ఉండాలి. సినిమా ఆమెకి దాదాపు తలుపు తీసుకుని రావడమొక్కటే పని ఇచ్చింది.