గాజు పలకల మీద చుక్కలు

హార్వర్డ్ అబ్జర్వేటరీలో గంటకు పాతిక, ముప్ఫై సెంట్లకు నక్షత్రాలను వర్గీకరించిన ఆడవాళ్లంటే నాకు అపారమైన గౌరవం. ముందు ఫొటో గాజు పలక, చేతిలో భూతద్దం. పలక మీద ఒక్కో నక్షత్రం వెలుగు సన్నని పట్టీలా పరుచుకుని ఉంటుంది. అందులోని గీతలు చదివి తరగతి చెప్పాలి. ఎంత ఓర్పు, ఎంత చూపు! వాళ్లలో వినికిడి బాగా తగ్గిపోయిన యానీ జంప్ కానన్ నిమిషానికి మూడు నక్షత్రాలు తేల్చేవారు. జీవితకాలంలో సుమారు 3,50,000. వేడి తగ్గే క్రమంలో ఓ, బి, ఎ, ఎఫ్, జి, కె, ఎం అన్న ఆమె వరసే నేటికీ వాడుక. ‘ఓ’ నీలి నక్షత్రాల ఉపరితల వేడి 30,000 డిగ్రీల పైమాటే. సూర్యుడు ‘జి’. ఎర్రటి జ్యేష్ఠ చల్లని ‘ఎం’. నక్షత్రాల్లో అత్యధికం హైడ్రోజనేనని 1925లో ఖగోళ శాస్త్రవేత్త సిసీలియా పేన్ గ్రహించింది ఆ పలకల నుంచే.