పసుపు కల్లం మీద పొద్దు

ఉడికించి ఎండబెట్టిన పసుపు కొమ్ముకు అందం వెంటనే రాదు. పైన మట్టిరంగు, ముడతలు, వేరు పోగులు. నందిపేట్ చుట్టుపక్కల కల్లాల్లో ఎండకు పరిచిన రాశులు దూరానికి దున్నిన నేలలాగే కనిపిస్తాయి. పాలిష్ డ్రమ్ములో పోసి తిప్పినప్పుడే పొట్టు రాలి లోపలి రంగు బయటపడుతుంది. అప్పుడు లేచే పసుపు ధూళికి వెనక నుంచి సాయంత్రపు పొద్దు తగిలిందా, గాలికే రంగు పట్టేస్తుంది! జేబులో పట్టే చిన్న డిజిటల్ కెమెరాతో చూడటం నేర్చుకోవాలంటే ఇంతకన్నా మంచి చోటు నాకు తెలియదు.

ఎందుకంటే ఆ కెమెరా మొదట చేసే పని ఆ పసుపును తగ్గించడం. ఫ్రేమంతా ఒకే రంగు నిండితే ఆటో వైట్ బ్యాలెన్స్ దాన్ని వెలుగులోని దోషంగా లెక్కగట్టి నీలం కలుపుతుంది. తెర మీద పాలిపోయిన రాశి మిగులుతుంది. సూర్యుడి గుర్తున్న సెట్టింగుకు మార్చగానే పసుపు తిరిగొస్తుంది. ఎక్స్‌పోజర్ కూడా కాస్త తగ్గించాలి, మైనస్ 0.3 గానీ 0.7 గానీ. ఎండ పడిన పసుపులో ఎరుపు పాలు, కెమెరా పట్టగల హద్దు దాకా, ముందే నిండిపోతుంది. నిండిన చోట కొమ్ము మీది కణుపులు, గీతలు చెరిగి ఒట్టి మచ్చ అవుతుంది. తగ్గిస్తే నీడ చిక్కబడుతుంది, కొమ్ముకు గుండ్రనితనం వస్తుంది.

మన లాక్షణికులు రసానికి ఆధారమైన ఆలంబనాన్ని, దాన్ని రగిలించే ఉద్దీపనాన్ని వేరు చేసి చూపారు. కల్లంలో పసుపు ఆలంబనం, వాలుపొద్దు ఉద్దీపనం. మిట్టమధ్యాహ్నం అదే రాశి, అదే మనుషులు, కానీ రసం పుట్టదు.

షట్టర్ మీట సగం నొక్కి పట్టడం ఈ కళలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన కదలిక. డ్రమ్ము అంచు మీద ఫోకస్ నిలిపి, వేలు వదలకుండా ఫ్రేమును పక్కకు జరిపి, ధూళి లేచేదాకా ఆగడం. కెమెరా అప్పటికే సిద్ధమై ఉంటుంది గనుక మిగతా సగం నొక్కితే బొమ్మ ఆలస్యం కాకుండా పడుతుంది. ఆరో నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ (1844–1905) గాజు పలకల మీద తీసిన రోజుల్లో ఒక్కో బొమ్మకు ఒక్కో పలక. ఆ నిగ్రహం మన వేలికి కూడా కావాలి.

ఈ కెమెరాల్లో చాలావాటి సెన్సర్ వెడల్పు 6 మిల్లీమీటర్ల పైచిలుకు. ఫుల్ ఫ్రేము కెమెరాకైతే 36. అందుకే వెలుగు తగ్గగానే బొమ్మ గరుకెక్కుతుంది, ఐఎస్ఓను 100, 200 దగ్గరే ఆపాలి. కానీ ఆ చిన్న కొలతే దీని సొగసు. కాళ్ళ ముందరి కొమ్ము నుంచి గట్టు మీది తాటిచెట్టు దాకా అన్నీ తేటగా వస్తాయి. వెనకంతా మసకబార్చి ముఖాన్ని విడదీయడం దీనికి చేతకాదు, చేతకాకపోవడమే మేలంటాను. చాట పట్టిన ఆమెను కల్లం నుంచి ఎందుకు విడదీయాలి? బతుకమ్మనూ తెలంగాణ పల్లెనూ ఏళ్ళ తరబడి చిత్రించిన వరంగల్ ఛాయాచిత్రకారుడు గుడిమల్ల భరత్ భూషణ్ బొమ్మల్లో నన్ను పట్టేసింది కూడా ఇదే. మనిషి తన చోటుతో సహా ఉంటుంది.

ఇదే చూపుతో దగ్గర్లోని ఉమ్మెడ వైపు గోదావరికి పోవాలి. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ ప్రాజెక్టు వెనక నీళ్ళు వేసవిలో తగ్గితే, తేలిన నేల మీద గడ్డి లేస్తుంది, కృష్ణజింకలు మేతకొస్తాయి. చేతిలో కెమెరా ఉంటే జూమ్ లాగాలనిపిస్తుంది. కటకం కదిలినంత వరకు సరే. ఆ పైన డిజిటల్ జూమ్ చేసేది ఉన్న చుక్కల్ని సాగదీయడమే. జింకను చిన్నగానే ఉండనివ్వాలి. నల్లని వీపు, తెల్లని పొట్ట, మెలితిరిగిన కొమ్ములు, దాని వెనక మెరిసే నీటిగీత, పైన ఎడతెగని ఆకాశం. ఆ విశాలంలో అది ఎంత ఒంటరిగా, ఎంత నిబ్బరంగా నిలబడుతుందో దగ్గరి బొమ్మ చెప్పలేదు.

తీసినవాటిలో నచ్చినవి ప్రింటు వేయించండి. 12 మెగాపిక్సెల్ బొమ్మ 12×8 అంగుళాల కాగితానికి హాయిగా సరిపోతుంది. ఒక్కటే జాగ్రత్త: మామూలుగా ఈ కెమెరాల ఫ్రేము 4:3, ఆ కాగితం 3:2, కాబట్టి పైనా కిందా కొంత తెగుతుంది. తీసేటప్పుడే ఆకాశానికీ నేలకీ కొంచెం ఎక్కువ చోటు వదలండి, లేదా స్టూడియోలో తెల్ల అంచు ఉంచి మొత్తం బొమ్మ వేయమని అడగండి.